క్రూజ్ ప్రయాణంలో తొలిసారి స్కూబా డైవింగ్: ఓడ ఎక్కకముందే తేల్చుకోవలసినవి

మీరు మరో నాలుగు నెలల్లో అమెరికాలోని మయామీలో ఓడ ఎక్కి, కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్, రోఆటాన్, కొజుమెల్ రేవుల్లో ఆగి, చివరి రోజంతా సముద్రం మీద గడిపి తిరిగి మయామీ చేరుతారు. మీకు 47 ఏళ్లు, రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటున్నారు. మీ భార్యకు ఈత అంతంతమాత్రంగా వచ్చు. అబ్బాయికి 13 ఏళ్లు. ఇంతవరకు ఎవరూ స్కూబా డైవింగ్, అంటే వీపున ఉన్న సిలిండర్ నుంచి గాలి పీలుస్తూ నీటి అడుగున తిరగడం, చేయలేదు. ఈ ప్రయాణంలో అది సాధ్యమేనా, ముందుగా కోర్సు చేయాలా, ఓడ కంపెనీ ద్వారా వెళ్లాలా లేక రేవులోని డైవింగ్ కేంద్రంతో నేరుగా మాట్లాడుకోవాలా, మూడు రేవుల్లో ఏది మేలు అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా కొత్తవారికి డైవింగ్ నేర్పుతున్నాను. వారిలో ఉదయం ఓడ దిగి సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కవలసినవారే ఎక్కువ. సాధ్యమేనని నిస్సంకోచంగా చెబుతాను. అయితే అలా వచ్చినవారిలో నిరాశతో వెనుదిరిగినవారిని ఆపినది భయం కాదు, ఈత రాకపోవడమూ కాదు. ఇంటి దగ్గరే పూర్తి చేసుకోవలసిన ఒకటి రెండు పనులను రేవు దాకా వాయిదా వేయడమే వారిని ఆపింది. అందుకే నా సమాధానంలో సగానికి పైగా మీరు ఓడ ఎక్కకముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది.

కొత్తవారికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది ఒక్క పూటలో ముగిసే పరిచయ డైవ్. డైవింగ్ శిక్షణకు నియమాలు రూపొందించే పాడీ సంస్థ దీనిని డిస్కవర్ స్కూబా డైవింగ్ అని పిలుస్తుంది. దీనితో డైవర్‌గా అర్హతాపత్రం రాదు. ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని కనిపెట్టుకొని పక్కనే ఉంటూ 12 మీటర్లకు మించని లోతులో తిప్పి తీసుకువస్తారు. రెండవది ఓపెన్ వాటర్ డైవర్ కోర్సు. దానిని పూర్తి చేసినవారు తోటి డైవర్‌తో కలిసి 18 మీటర్ల వరకు సొంతంగా దిగవచ్చు. అందులో చదువు ఒక భాగం, ఈతకొలనులో అభ్యాసం మరొక భాగం, సముద్రంలోనో చెరువులోనో చేసే నాలుగు డైవ్‌లు చివరి భాగం. పాడీ నియమాల ప్రకారం శిక్షణలో ఉన్నవారు ఒక రోజులో మూడు శిక్షణ డైవ్‌లకు మించి చేయకూడదు. కాబట్టి ఆ నాలుగు డైవ్‌లకే కనీసం రెండు రోజులు కావాలి. మీ ఓడ ఏ రేవులోనూ ఒక పగటికి మించి ఆగదు. అందువల్ల ఓడ దిగి ఒకే చోట కోర్సు మొత్తం పూర్తి చేయడం జరిగే పని కాదు.

దీనికి రెఫరల్ అనే పద్ధతి ఉంది. చదువునూ ఈతకొలను భాగాన్నీ ఇంటి దగ్గర పూర్తి చేసి, ఆ పత్రాలు పట్టుకొని వెళ్లి, మిగిలిన నాలుగు డైవ్‌లను ప్రయాణంలో చేయవచ్చు; ఆ పత్రాలు 12 నెలల పాటు చెల్లుతాయి. మీ ప్రయాణంలోనైతే రోఆటాన్‌లో రెండు, కొజుమెల్‌లో రెండు డైవ్‌లు చేసి ముగించవచ్చు. కానీ అందుకు రెండు వేర్వేరు కేంద్రాలతో ముందుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరపాలి, రెండు రేవుల్లో పగలంతా పరీక్షల వంటి అభ్యాసాలకే ఇచ్చివేయాలి, వాతావరణం బాగాలేక ఓడ ఏదో ఒక రేవును వదిలేస్తే కోర్సు సగంలో ఆగిపోతుంది. ఇప్పటికే ఒకసారి నీటి అడుగున ఊపిరి తీసుకొని, అది తనకు ఇష్టమని తెలిసినవారికి ఈ శ్రమ తగినదే. మీ ముగ్గురికీ అది ఇంకా తెలియదు కాబట్టి, ఈసారికి పరిచయ డైవ్ చాలునని నా అభిప్రాయం. దానికి తోడుగా, ప్రయాణానికి ముందు మీ ఊరికి అందుబాటులో ఉన్న ఏదైనా డైవింగ్ కేంద్రంలో ఒక్క పూట ఈతకొలనులో సిలిండర్‌తో సాధన చేయండి. రేవులో హడావిడిగా నేర్పే అరగంట పాఠాన్ని మొదటిసారి వినేవారికీ, అంతకుముందే మాస్క్‌లోకి వచ్చిన నీటిని బయటికి ఊది చూసినవారికీ మధ్య తేడా నీళ్లలో దిగిన అయిదు నిమిషాల్లోనే కనిపిస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసిన విషయానికి వస్తాను. డైవింగ్ కేంద్రం ఏదైనా, నీళ్లలోకి దిగకముందు మీ చేత ఒక ఆరోగ్య ప్రశ్నావళి నింపిస్తుంది. ప్రస్తుతం ప్రపంచమంతటా ఎక్కువగా వాడుతున్న ఆ పత్రం 2020లో సవరించినది. అందులో 45 ఏళ్లు దాటినవారిని అదనంగా నాలుగు విషయాలు అడుగుతారు: పొగ తాగే అలవాటు, కొలెస్టరాల్, అధిక రక్తపోటు, దగ్గరి రక్తసంబంధీకుల్లో చిన్న వయసులోనే వచ్చిన గుండెజబ్బు లేదా పక్షవాతం. వీటిలో ఒక్కదానికి అవునని రాసినా వైద్యుడి సంతకం లేకుండా ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని నీళ్లలోకి దించలేరు. ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం, గతంలో ఊపిరితిత్తి కుప్పకూలడం, చెవి శస్త్రచికిత్స వంటి వాటికీ వైద్యుడి అనుమతి అడుగుతారు. గర్భిణులు డైవింగ్ చేయకూడదు. మీరు వయసు వల్లా రక్తపోటు వల్లా తప్పకుండా సంతకం అవసరమయ్యేవారి కోవలోకి వస్తారు. ఉదయం ఎనిమిదిన్నరకు రేవులో ఈ పత్రం చేతికొచ్చినప్పుడు వైద్యుడు ఎక్కడ దొరుకుతాడు? అక్కడ చాలామంది చేసే పని, కాదని గీత పెట్టి సంతకం చేయడం. దయచేసి ఆ పని చేయకండి. అది కాగితాల తంతు కాదు. నీళ్లలో మునిగినప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీ వైపు మళ్లుతుంది, దానితో గుండె మీద భారం పెరుగుతుంది. అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి ఈ స్థితిలో ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరే ప్రమాదం మిగిలినవారికంటే ఎక్కువ. డైవింగ్ మరణాల్లో గుండెకు సంబంధించినవి గణనీయమైన భాగమని ఈ రంగంలో ఉన్న వైద్యులు ఎంతో కాలంగా హెచ్చరిస్తున్నారు.

కాబట్టి ఈ నెలలోనే ఆ పత్రాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకొని, ముగ్గురి జవాబులూ నిజాయితీగా రాసి, మీ పత్రంతో వైద్యుణ్ణి కలవండి. రక్తపోటు మాత్రతో అదుపులో ఉండి, రెండు మూడు అంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగేవారికి అనుమతి రావడం సాధారణమే. ఏ మందు వాడుతున్నారో కూడా చెప్పి అడగండి, ఎందుకంటే బీటా బ్లాకర్ల వంటి కొన్ని మందులు శ్రమకు తగినట్లు గుండె వేగం పెరగకుండా చేస్తాయి. సంతకం చేయించిన అసలు పత్రాన్ని చేతిసంచిలో ఉంచుకోండి, దాని ఫొటోను డైవింగ్ కేంద్రానికి ముందుగానే పంపించండి. వైద్యుడు వద్దంటే ఆ మాటతో ఆగిపోండి. కొజుమెల్‌లోనూ గ్రాండ్ కేమన్‌లోనూ తీరానికి దగ్గరగా స్నార్కెల్‌తో, అంటే నీటి మీద తేలుతూ నోటి గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, చూడగలిగినదే చాలా ఉంది.

రెండవ పెద్ద విషయం చెవులు. తొలి డైవ్ మధ్యలో ఆగిపోవడానికి నేను చూసిన కారణాల్లో మొదటి స్థానం దీనిదే. నీటి ఉపరితలం వద్ద మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి అది రెండింతలవుతుంది. అక్కడి నుంచి మళ్లీ రెండింతలు కావాలంటే 30 మీటర్లకు పోవాలి. అంటే లోతు తక్కువైన చోటే పీడనం అతి వేగంగా మారుతుంది, అనుభవం లేనివారు తిరిగే చోటు కూడా సరిగ్గా అదే. కర్ణభేరి వెనుక ఉన్న గాలి ఈ పీడనానికి కుదించుకుపోతుంది, భేరి లోపలికి లాగినట్లవుతుంది. ముక్కు వెనుక భాగం నుంచి మధ్య చెవికి ఉన్న సన్నని నాళం ద్వారా కొంచెం గాలి పంపితే రెండు వైపులా పీడనం సమమవుతుంది. ముక్కు మూసుకొని, నోరు మూసుకొని, మెల్లగా ఊదడం అందరికీ తెలిసిన పద్ధతి. ముక్కు మూసుకొని గుటక వేయడం మరొకటి. దీనిని నొప్పి వచ్చాక చేస్తే ఫలితం ఉండదు. సుమారు మీటరుంబావు లోతు వరకు ఏమీ చేయకుండా దిగినవారిలో ఆ నాళం గోడలు తడిసిన రెండు కాగితాల్లా అతుక్కుపోవచ్చు, అప్పుడు ఎంత బలంగా ఊదినా అది తెరుచుకోదు. బలవంతంగా ఊదితే లోపలి చెవికే దెబ్బ తగలవచ్చు. అందుకని నీటి మీద తల ఉండగానే ఒకసారి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకూ ఒకసారి, ఏ ఇబ్బందీ అనిపించకముందే సమం చేసుకుంటూ దిగాలి. ఒక చెవి మొరాయిస్తే చేతితో చెవిని చూపి ఇన్‌స్ట్రక్టర్‌కు తెలియజేసి, ఒక మీటరు పైకి వచ్చి, మళ్లీ ప్రయత్నించాలి. తల పైకి, కాళ్లు కిందికి ఉంచి, లంగరు తాడును పట్టుకొని దిగితే పని సులువవుతుంది. మంచి ఇన్‌స్ట్రక్టర్ మీ చెవుల కోసం పది నిమిషాలైనా ఆగుతారు.

ఈ సాధన ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి రోజుకు కొన్నిసార్లు, ఏమాత్రం బలం ఉపయోగించకుండా, ముక్కు మూసుకొని ఊది చూడండి. రెండు చెవుల్లోనూ టప్ మనే చిన్న చప్పుడు వస్తోందా, ఒక దాంట్లో ఆలస్యమవుతోందా గమనించండి. మయామీ వెళ్లే విమానం దిగేటప్పుడు మీ చెవులు ఎలా ప్రవర్తిస్తాయో కూడా ఒక సూచనే. జలుబుగానీ ముక్కుదిబ్బడగానీ ఉన్న రోజున దిగవద్దు. ముక్కుదిబ్బడ తగ్గించే మాత్ర వేసుకొని దిగేవారున్నారు. లోతులో ఉండగా ఆ మందు ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే గాలికి బయటికి పోయే దారి ఉండదు. దిగేటప్పుడు నొప్పి వస్తే దిగడం మానుకోవచ్చు, పైకి వచ్చేటప్పుడు నొప్పి వస్తే పైకి రాకుండా ఉండలేం కదా. ఓడలో ఏసీ గాలికీ జనసమ్మర్దానికీ జలుబు చేయడం మామూలే, అందుకే ప్రతి కేంద్రాన్నీ రద్దు నిబంధనలు ఏమిటో ముందే అడగండి.

నీళ్లలో పాటించవలసిన నియమాలు ఎన్నో ఉన్నాయి, వాటిని ఇన్‌స్ట్రక్టర్ చెబుతారు. ఒక్కదాన్ని మాత్రం నేను కూడా చెప్పకుండా ఉండలేను: సిలిండర్ గాలి పీల్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతులో నిండా పీల్చిన గాలి నీటి మీదికి వచ్చేసరికి రెండింతలవుతుంది. దానికి బయటికి దారి ఇవ్వకపోతే ఊపిరితిత్తి పొరలు చిరిగి, గాలి బుడగలు రక్తంలోకి ప్రవేశించి మెదడుకు చేరవచ్చు. ఇందుకు నిండా పీల్చిన ఊపిరితో రెండు మీటర్ల లోపు లోతు నుంచి పైకి వచ్చినా చాలు. ఈత వచ్చినవారికి నీళ్లలో ఊపిరి బిగబట్టడమే అలవాటు, కాబట్టి వారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. నిదానంగా, దీర్ఘంగా, వదిలేటప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు తీసుకుంటూ శ్వాసించండి. కంగారు పుట్టినప్పుడు మొదట చేయవలసినది పైకి ఎగరడం కాదు. ఉన్నచోట ఆగి, పూర్తిగా ఊపిరి వదిలి, ఇన్‌స్ట్రక్టర్ కళ్లలోకి చూడడం. బొటనవేలు పైకి చూపిస్తే నీటి అడుగున పైకి వెళ్దామని అర్థం. బాగుందని చెప్పాలంటే బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి సున్నా చుట్టాలి. కొత్తవారు ఈ రెండింటినీ తారుమారు చేసి, అంతా బాగుందని చెబుతున్నాననుకుంటూ డైవ్‌ను ముగించేస్తుంటారు.

మీ భార్య విషయంలో తొందరపడవద్దు. పరిచయ డైవ్‌కు సాధారణంగా ఈత పరీక్ష పెట్టరు. ఓపెన్ వాటర్ కోర్సుకు 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు నీటిపై తేలి ఉండడం అవసరం. పరీక్ష లేనంత మాత్రాన నీటి భయం లేకుండా పోదు. ముఖం మీద నీళ్లు పడితే ఆమెకు ఊపిరి ఆడనట్లుంటుందా, మెడ లోతు నీళ్లలో నిలబడి నవ్వుతూ మాట్లాడగలరా అన్నది మీకంటే ఆమెకే బాగా తెలుసు. ఈతకొలనులో మాస్క్ పెట్టుకొని, స్నార్కెల్‌తో ముఖం నీళ్లలో ఉంచి అయిదు నిమిషాలు ప్రశాంతంగా శ్వాసించగలిగితే తర్వాతి అడుగు వేయవచ్చు. భర్తకోసమో పిల్లవాడి కోసమో, డబ్బు కట్టేశామనో దిగేవారిని నేను ఎన్నోసార్లు చూశాను, అలాంటి డైవ్ ఎవరికీ సంతోషం ఇవ్వదు. వద్దనుకుంటే ఏ క్షణంలోనైనా, మెట్టు మీద నిలబడి ఉన్నా సరే, కారణం చెప్పనక్కరలేకుండా ఆగిపోవచ్చునని ముగ్గురూ ముందే ఒప్పందం చేసుకోండి. అబ్బాయికి వయసు సరిపోతుంది, ఎందుకంటే పాడీ పరిచయ డైవ్‌కు కనీస వయసు పదేళ్లు. పిల్లలు నీళ్లకు త్వరగా అలవాటు పడతారు, అయితే చలికీ త్వరగా వణుకుతారు, చెవి నొప్పిని చెప్పకుండా దాచిపెడతారు. అతనికి సరిగ్గా సరిపోయే వెట్‌సూట్ (నీళ్లలో చలిని ఆపే బిగుతు దుస్తులు) ఉందో లేదో కేంద్రాన్ని అడగండి. నొప్పి చెప్పడం పిరికితనం కాదని మీరే ఇంటి దగ్గర చెప్పండి.

మూడు రేవుల్లో నా ఎంపిక రోఆటాన్. ఓడ నేరుగా రేవు గట్టుకు చేరుతుంది. ద్వీపం పశ్చిమ భాగంలో పగడపు దిబ్బ ఒడ్డుకు దగ్గరగా, తక్కువ లోతులోనే మొదలవుతుంది. ఆ దిబ్బ మీసోఅమెరికన్ పగడపు శ్రేణిలో భాగం. ఇసుక నేల మీద నిలబడి అభ్యాసం చేసి, అక్కడి నుంచే దిబ్బ వైపు సాగవచ్చు. కొజుమెల్ అనుభవమున్న డైవర్లకు స్వర్గం, 1996 నుంచి అక్కడి దిబ్బలు జాతీయ ఉద్యానవనంగా రక్షణలో ఉన్నాయి. కానీ అక్కడి డైవింగ్ చాలావరకు ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ చేసేది, పడవ పైన వెంబడిస్తూ వస్తుంది. నీళ్లు అద్దంలా ఉన్నా ప్రవాహం బలంగా ఉన్న రోజున అది తొలిసారి దిగేవారికి తగిన చోటు కాదు. అక్కడే దిగదలిస్తే ఒడ్డున, ప్రవాహం లేని చోట పాఠం చెప్పే కేంద్రాన్నే ఎంచుకోండి. గ్రాండ్ కేమన్‌లో నీటి స్పష్టత అద్భుతం, నార్త్ సౌండ్ అనే అఖాతంలో స్టింగ్‌రే (టేకు) చేపలు గుమిగూడే స్టింగ్‌రే సిటీ లోతు మూడు నాలుగు మీటర్లే. అయితే అక్కడ ఓడ దూరంగా లంగరు వేస్తుంది, చిన్న టెండర్ పడవల్లో ఒడ్డుకు చేరాలి. అల ఎక్కువైతే కెప్టెన్ ఆ రేవునే వదిలేయవచ్చు. దిగేవారి వరుసలోనే గంట గడిచిపోవడం కూడా మామూలే.

ఓడ కంపెనీ ద్వారా వెళ్లడమా, నేరుగా వెళ్లడమా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. ఓడ ద్వారా బుక్ చేస్తే ధర ఎక్కువ, గుంపు పెద్దది. దానికి బదులుగా మీ బృందం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే ఏర్పాటు చేస్తుంది, ఓడ ఆ రేవును వదిలేస్తే డబ్బు తిరిగి వస్తుంది. సొంతంగా వెళితే చిన్న గుంపు, మీ వేగానికి తగిన ఇన్‌స్ట్రక్టర్ దొరుకుతారు. ఓడ మాత్రం మీకోసం ఆగదు. వైద్యపత్రం, చెవులు, ఈత అనే మూడు సందేహాలున్న కుటుంబానికి చిన్న గుంపే మేలు, అందుకే మీకు రోఆటాన్‌లో నేరుగా మాట్లాడుకోమనే చెబుతాను. అయితే పని మొత్తం ఉదయపు పూటలో పూర్తయి, ఓడ ఎక్కవలసిన గడువుకు కనీసం రెండు గంటల ముందు రేవుకు చేరేలా ఉండాలి. పరిచయ డైవ్‌కు ప్రయాణంతో కలిపి నాలుగు గంటలు కేటాయించండి. ఓడ సమయమూ స్థానిక సమయమూ ఒక్కటే అనుకోవద్దు. రోఆటాన్ గడియారాలను వేసవిలోనూ మార్చరు, మయామీ మారుస్తుంది. ఓడ తన సమయాన్నే పాటిస్తే గంటో రెండు గంటలో తేడా వస్తుంది. కేంద్రంతో మాట్లాడేటప్పుడు ఏ సమయమో స్పష్టంగా రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి, చేతి గడియారాన్ని ఓడ సమయానికే ఉంచండి.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు ధరను చివరన అడగండి. మొదట అడగవలసినది, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది కొత్తవారు ఉంటారన్నది. పాడీ ప్రమాణం సముద్రంలో నలుగురికి మించవద్దంటుంది. నేనైతే ఇద్దరికి ఒకరు ఉన్న చోటనే నా వాళ్లను దించుతాను. సముద్రంలోకి తీసుకువెళ్లకముందు లోతు లేని నీళ్లలో మాస్క్‌లో నీరు తొలగించడం, నోటి నుంచి జారిన రెగ్యులేటర్‌ను (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరాన్ని) తిరిగి అందుకోవడం చేయిస్తారా? పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుందా? ఇన్‌స్ట్రక్టర్ మీకు అర్థమయ్యే భాషలో మాట్లాడతారా? వీటికి సూటిగా జవాబివ్వని చోట నుంచి మర్యాదగా తప్పుకోండి. పాఠాన్ని పడవ వెళుతుండగా చెప్పేస్తామనేవారి దగ్గరికి వెళ్లవద్దు.

సామాను గురించి పెద్దగా చెప్పవలసింది లేదు, అన్నీ కేంద్రమే ఇస్తుంది. ముఖానికి సరిగ్గా అతికే సొంత మాస్క్ ఒక్కటి కొనుక్కోవడం మంచిది. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీలిస్తే అది ఊడి పడకూడదు. కళ్లద్దాలు వాడేవారికి పవర్ ఉన్న మాస్క్‌లు దొరుకుతాయి. మీసాలు ఒత్తుగా ఉంటే పై పెదవి మీద ఆనే అంచు దగ్గర నీరు కారుతుంది. డైవింగ్ కత్తి ఓడలోకి తీసుకుపోకండి, భద్రతా సిబ్బంది తీసిపెట్టుకుంటారు.

ఓడలో కడుపు తిప్పకుండా వాడే మందుల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. వాటిలో చాలా మటుకు నిద్రమత్తు కలిగిస్తాయి. చెవి వెనుక అంటించే స్కోపోలమైన్ పట్టీ చూపు మసకబార్చవచ్చు, నోరు ఎండిపోయేలా చేస్తుంది. దాన్ని ముట్టుకున్న చేతితో కన్ను నలిపితే కంటిపాప పెద్దదై గంటల తరబడి సరిగా కనిపించదు. రక్తపోటు మందుతో కలిపి వాడవచ్చునా అన్నది వైద్యుణ్ణి అదే భేటీలో అడగండి, డైవ్ చేసే రోజున మొదటిసారిగా ఏ మందూ వేసుకోకండి. ముందు రాత్రి మద్యం మానేయండి. ఉదయం తేలికగా తిని, నీళ్లు బాగా తాగండి.

నీళ్లలోకి దిగాక గడిచే సమయం మీరు ఊహించినదానికంటే తక్కువే. మామూలు సిలిండర్‌లో సుమారు 11 లీటర్ల పరిమాణంలో 200 బార్ పీడనం దాకా గాలి ఉంటుంది. 10 మీటర్ల లోతులో ప్రతి శ్వాసకూ రెండింతల గాలి ఖర్చవుతుంది, కొత్తవారు తెలియకుండానే వేగంగా శ్వాసిస్తారు. అందువల్ల 50 బార్ మిగిలి ఉండగా పైకి రావాలనే నియమంతో చూస్తే అరగంట నుంచి 40 నిమిషాలు దక్కుతాయి. ఆ కొద్ది సమయంలో చేతులు కట్టుకొని, కాళ్లు నెమ్మదిగా ఆడిస్తూ, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండడమే మీ పని. చేతులతో ఈదకండి, దానివల్ల గాలి త్వరగా అయిపోతుంది. దేనినీ తాకకండి: పగడం రాయిలా కనిపించినా ఎన్నో చిన్న చిన్న ప్రాణుల కట్టడం, కాళ్లకు తొడుక్కునే ఫిన్ ఒక్క దెబ్బకు కొన్నేళ్ల ఎదుగుదల విరిగిపోతుంది. హవాయి 2021 నుంచి, పలావు 2020 నుంచి పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్లను నిషేధించాయి; మీరు వెళ్లే చోట నిబంధన ఏదైనా, పొడవు చేతుల ఈత చొక్కా వేసుకుంటే ఆ క్రీమ్ అవసరమే చాలావరకు తగ్గిపోతుంది.

డైవ్ తర్వాతి జాగ్రత్తలు మీ ప్రయాణానికి బాగా సరిపోతున్నాయి. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని కొంత శరీరంలో కరిగి ఉంటుంది, అది తీరిగ్గా బయటికి పోవాలి. అది పోకముందే ఎత్తుకు వెళితే పీడనం తగ్గి బుడగలు ఏర్పడవచ్చు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ సూచనల ప్రకారం ఒక్క డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ డైవ్‌లు గానీ వరుస రోజుల్లో డైవ్‌లు గానీ చేస్తే 18 గంటలు ఆగాలి. మీకు చివరి రోజు సముద్రం మీదే గడుస్తుంది కాబట్టి మయామీ విమానానికి ఇబ్బంది లేదు. అదే రోజు మధ్యాహ్నం హెలికాప్టర్ విహారం, ఎత్తైన కొండల మీద తాడుపై జారే ఆటలు మాత్రం పెట్టుకోకండి. డైవ్ ముగిసిన వెంటనే వేడినీటి తొట్టెలో కూర్చోవడం, గట్టిగా మసాజ్ చేయించుకోవడం కూడా ఆ రోజుకు మానుకోండి, ఎందుకంటే మసాజ్ నొప్పి ఏదో, ఆ బుడగల వల్ల వచ్చే డీకంప్రెషన్ సిక్‌నెస్ అనే జబ్బు నొప్పి ఏదో తర్వాత గుర్తుపట్టడం కష్టమవుతుంది. 12 మీటర్ల లోపు ఒక్క డైవ్ చేసినవారికి ఆ జబ్బు రావడం అరుదు. అయినా సాయంత్రానికి కీళ్లలో నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, తలతిరగడం, అకారణమైన అలసట కనిపిస్తే, నిద్రపోతే తగ్గిపోతుందని ఊరుకోకుండా ఓడ వైద్య కేంద్రానికి వెళ్లి డైవ్ చేసిన సంగతి చెప్పండి. మామూలు ఓడల్లో ఆక్సిజన్ ఉంటుంది గానీ పీడన చికిత్స గది ఉండదు. దానికోసం ఒడ్డుకు చేర్చవలసి వస్తే ఖర్చు చాలా పెద్దది. మీ ప్రయాణ బీమా పత్రంలో స్కూబా డైవింగ్ కవర్ అవుతుందా, ఎంత లోతు దాకా, అర్హతాపత్రం లేనివారికి కూడా వర్తిస్తుందా అన్న మూడు అంశాలను చదివి చూసుకోండి. లేదంటే డైవింగ్‌కు ప్రత్యేకంగా ఇచ్చే బీమాను, ముగ్గురికీ, బయలుదేరకముందే తీసుకోండి.